లైటుపాపకు ఫోటో పడదు

ఆ స్టూడియో ఇప్పుడు లేదు. అది ఉన్నచోట సెల్‌ఫోన్లకు కవర్లు అమ్మే కొట్టు వచ్చింది. పాపం ఆ కొట్టువాడికి తెలియదు గానీ, అతను కుర్చీ వేసుకుని కూర్చునే మూలలోనే ఒకప్పుడు మందపాటి నల్లతెర వేలాడుతుండేది. ఆ తెర వెనక ఒక మనిషి తన బతుకులో సగానికి పైగా గడిపేసింది. ఆవిడను ఈడువాళ్ళు లైటుపాప అనీ, తరవాతివాళ్ళు లైటక్క అనీ పిలిచేవారు. అసలు పేరు ఒకటి ఉండేది లెండి. కానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి, ఎవరిని పిలుస్తున్నారా అని చూసేది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మిమ్మల్ని స్టూడియోలోకి తీసుకెళ్ళాలి. వీధిలోంచి మెట్లెక్కితే ముందుగది. గోడకు నిలువుటద్దం, దాని పక్కన మేకుకు దారంతో కట్టిన దువ్వెన. కట్టకపోతే జనం తల దువ్వుకుని, ఆ పరధ్యానంలోనే దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. కొక్కేనికి ఒక నల్లకోటు. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు ఆ ఒక్క కోటులోనే పెద్దమనుషులయ్యారు. లావుపాటివాళ్ళు వస్తే కోటు వెనక కుట్టు విప్పి పిన్నీసులు పెట్టేవారు. ఫోటోలో వీపు కనబడదు కదా! రెండో గదిలో గుడ్డ మీద గీసిన మెట్లూ పూలకుండీ, రేకు టోపీలు పెట్టుకున్న పెద్దదీపాలు, ఒక ఎత్తుపీట. నల్లతెర దాటితే వెనకగది. అక్కడ ఎర్రబల్బూ, ఫిలిం కడిగే మందునీళ్ళ ట్రేలూ, ఎంత కడిగినా వదలని పుల్లటి వాసనా.

నాన్న ఫోటోగ్రాఫరు. ఆయన దీపాలు వెలిగిస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉండేది. ఆ వేడిలో మనిషిని కూర్చోబెట్టి, ముక్కు నీడ ఎటు పడుతోంది, గడ్డం కింద ఎంత చీకటి ఉంది అని సర్దుతూపోతే ముఖాన రాసుకున్న పౌడరు కాస్తా కారి మెడ మీదికి దిగేది. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. వచ్చినవాళ్ళు అద్దం ముందు కోటుతో కుస్తీ పడుతుండగానే, పీట మీద కూతురిని కూర్చోబెట్టి దీపాలన్నీ ఆ పిల్ల ముఖం మీద సర్దేసుకునేవాడు.

"కళ్ళు మూసుకో అమ్మలూ, వెలుగు గుచ్చుకుంటుంది" అని చిటిక వేసేవాడు. పిల్ల కళ్ళు మూసుకునేది. దీపాలు భగ్గుమనేవి. కొన్నాళ్ళకు మాట కూడా అవసరం లేకపోయింది.

అలా ఆ పిల్ల లైటుపాప అయింది. కళ్ళు మూసుకున్నా ఏ దీపం ఎటు జరుగుతోందో బుగ్గల మీది వెచ్చదనాన్ని బట్టి చెప్పేసేది. నాన్న ఒక్క వేలితో గడ్డం పైకెత్తేవాడు. ఆ వేలికి సబ్బువాసనా, మందు వాసనా కలిసి వచ్చేవి. పెద్దయ్యాక కూడా ఎండాకాలం కిటికీ పక్కన కూర్చుంటే చాలు, బుగ్గ మీద వెచ్చగా తగలగానే ఆవిడకు నాన్న గుర్తొచ్చేవాడు. ఏ తండ్రీ కూతురి ముఖాన్ని అంతసేపు, అంత శ్రద్ధగా చూసి ఉండడు. తీరా అంతా కుదిరాక, "ఇక దిగు తల్లీ" అని దించేసి, ఆ వెలుగులో ఇంకెవరినో కూర్చోబెట్టేవాడు. కెమెరాలో ఫిలిం వాళ్ళ కోసం.

"ఊరందరికీ తీస్తారు, మనకంటూ ఒక్క ఫోటో లేదు" అని అమ్మ పోరగా పోరగా, ఒకరోజు ఇంటిల్లిపాదీ కెమెరా ముందు కూర్చున్నారు. నాన్న కూడా ఫోటోలో ఉండాలి కాబట్టి మీట నొక్కే పని సహాయకుడికి అప్పజెప్పాడు. మధ్యలో నాన్న, పక్కన అమ్మ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, నాన్న మోకాలికి ఆనుకుని కొత్తగౌనులో లైటుపాప. నాన్న కూర్చున్నచోటు నుంచే తన అలవాటు ప్రకారం సైగ ఇచ్చాడు. సహాయకుడు నొక్కాడు.

కడిగి చూస్తే పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. ఇంకొకటి తీశారు. మళ్ళీ మూసుకుంది. "తెరుచుకుని ఉండవే, నీకు పుణ్యం ఉంటుంది" అని అమ్మ బతిమాలితే గుడ్లు మిటకరించి నిలబడేది. తీరా తీసే క్షణానికి టక్కున మూసేది. తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మ జడ ఊడింది. నాన్నకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటో, దీని ముఖానికి ఫోటో పడదు" అన్నాడు.

అంతే. ఈ పూట వాన పడదు అన్నంత మామూలుగా అన్నాడు. సాయంత్రానికి మరిచిపోయాడు కూడా. పెద్దవాళ్ళకేం, అనేసి పోతారు. ఆ మాట మాత్రం పిల్ల దగ్గర ఉండిపోయింది.

పైగా నాన్న ఇంకో పని చేశాడు. తీసినవాటిలో కాస్త మంచిది ఏరి, కాగితం మీద దించి, సన్నకుంచెతో పిల్ల మూసిన రెప్పల మీద రెండు కళ్ళు వేసేశాడు. ఆయన దీపాలు సర్దడంలో దిట్ట గానీ కుంచెపనిలో అంతంత మాత్రమే. కళ్ళు కాస్త పెద్దవయ్యాయి. ఎవరో తరుముకొస్తుంటే చూస్తున్నట్టు ఉన్నాయి. ఫోటో ముందుగది గోడకెక్కాక వచ్చినవాళ్ళంతా, "అబ్బ, మీ అమ్మాయికి ఎంతెంత కళ్ళండీ!" అని మెచ్చుకునేవారు. అవి తనవి కావని పిల్లకు తెలుసు. మెచ్చుకున్నప్పుడల్లా తల దించుకునేది. సిగ్గరి పిల్ల అనుకునేవారు.

ఆ ఫోటోలో ఇంకో వింత కూడా ఉండేది. నాన్న కుడిచెయ్యి మోకాలి మీద ఉంటుంది గానీ, వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు మెలిపడి ఉంటాయి. ప్యాంటు మీద దారప్పోగు తీస్తున్నారని అమ్మ అనేది. కాదు, మీట ఎలా నొక్కాలో సహాయకుడికి చూపిస్తున్నాడని తమ్ముడు పెద్దయ్యాక వాదించేవాడు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ తగువు ఒకటి వచ్చి పోతుండేది.

మనిషి తన గురించి ఒక్క మాట నమ్మేస్తే చాలు, మిగతా మనిషంతా ఆ మాటకు తగ్గట్టు సర్దుకుంటుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు, లైటుపాపను చూసి చెప్తున్నాను. బడిలో ఫోటో తీసే రోజున ఆ పిల్లకు జ్వరం వచ్చేది. నిజం జ్వరమే, అమ్మ నుదురు పట్టుకు చూసేది. తరవాత తరవాత జ్వరం రాని రోజుల్లో కూడా చివరి బల్లకే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఉండేవాళ్ళు వేరు, తను వేరు. జవాబు తెలిసినా చెయ్యి లేచేది కాదు. లేస్తే అందరూ తిరిగి చూస్తారు కదా. చూడదగ్గ ముఖం అయితే నాన్న కెమెరా ఎందుకు వద్దంటుంది? పిల్ల లెక్క అది. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

వెనకగదిలో మాత్రం సంగతి వేరు. నల్లతెర దాటిందంటే ఆ పిల్లకు ఎక్కడ లేని నోరూ వచ్చేది. ఎర్రబల్బు చీకట్లో పాటలు పాడేది, తమ్ముడిని దబాయించేది, వచ్చినవాళ్ళు కోటులో ఎలా నడిచారో నడిచి చూపించి నాన్నను పగలబడి నవ్వించేది. ముందుగదిలో నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల ఇదేనా అని ఎవరైనా విస్తుపోవాల్సిందే. అక్కడ చూసేవాళ్ళు లేరు. అదీ కారణం.

చదువు అయిందనిపించాక ఆ వెనకగదే ఆవిడ ఉద్యోగమైంది. మచ్చలు మాపడం, చెదిరిన జుట్టు అణచడం, అన్నిటికంటే ముఖ్యంగా మూసుకుపోయిన కళ్ళను తెరిపించడం. పసిపిల్లలు, ముసలివాళ్ళు, వెలుగుకు బెదిరేవాళ్ళు, తుమ్ము ఆపుకున్నవాళ్ళు, ఎంతమందికి ఎన్ని కళ్ళు వేసిందో! వచ్చినవాళ్ళను తెరసందులోంచి ఒక్కసారి చూసి పెట్టుకునేది. ఒకరికి వేసిన కళ్ళు ఇంకొకరికి వేసేది కాదు. ఒకావిడ తన ఫోటో చూసుకుని, "మీ నాన్నగారు నా ముసిముసినవ్వు కూడా పట్టేశారే" అని మురిసిపోతే, లైటక్క తెర వెనక నోరు నొక్కుకుని నవ్వుకుంది. ఆ నవ్వు కళ్ళలోది, అది వేసింది తను.

గోడమీది ఫోటోను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. నాన్న వేసిన ఆ వెర్రికళ్ళు చెరిపేసి చక్కటివి వేయడం ఆవిడకు చిటికెలో పని. తమ్ముడు కూడా చాలాసార్లు అన్నాడు. "నాన్న వేశాడు, ఉండనీరా" అనేది. అసలు సంగతి, ఆ ముఖం మీద మంచికళ్ళు దండగ అని ఆవిడ నమ్మకం.

పెళ్ళి కూడా తమాషాగానే కుదిరింది. స్టూడియోకు ఫోటోఫ్రేములు చేసి తెచ్చే వడ్రంగి ఒకతను ఉండేవాడు. ఫ్రేములు దించి ముందుగదిలో కూర్చున్నప్పుడల్లా తెర వెనక నుంచి నవ్వు వినబడేది. పని లేకపోయినా రావడం మొదలుపెట్టాడు. చివరికొకరోజు గొంతు పెగల్చుకుని నాన్నతో అన్నాడు.

"లోపల నవ్వుతున్నవాళ్ళను నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

"ముఖం చూడవా మరి?" అన్నాడు నాన్న ఆశ్చర్యపోయి.

"నవ్వు విన్నానుగా" అన్నాడతను.

పెళ్ళి ఫోటోలన్నిటిలోనూ లైటక్క తల వంచుకునే ఉంది. పాపిట చాలా బాగా పడింది. ఫ్రేముల మేస్త్రి ఇద్దరి ఫోటో కోసమని అంచులు చెక్కి ఒక మంచి ఫ్రేము చేసి పెట్టుకున్నాడు. ఫోటో రాలేదు. చూసి చూసి అందులో అద్దం బిగించేశాడు. "నీ బొమ్మ వచ్చేదాకా నువ్వే ఉండు ఇందులో" అన్నాడు. ఆవిడ దాన్లోనే తల దువ్వుకునేది. తను దువ్వుకుంటుంటే ఆయన వెనక వచ్చి నిలబడేవాడు. అలా ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండేవాళ్ళు, కాసేపు. ఆయన పోయాక ఆ అద్దం ముందు నిలబడి, వెనక ఖాళీ చూసి, ఇద్దరం ఉన్న బొమ్మ ఒక్కటంటే ఒక్కటి ఉంచుకోలేదే అని కుమిలి కుమిలి ఏడ్చింది.

అప్పటికి నాన్న కూడా లేడు, అమ్మా లేదు. స్టూడియో తమ్ముడిది. లోకం మారుతున్నా అతను పాత దీపాలనూ వెనకగదినీ వదల్లేదు. చేతికి అలవాటైన పని అది. అక్క కుంచె పని అక్కది.

లైటక్కకు ఒక కూతురు, పెళ్ళయి ఆ ఊళ్ళోనే ఉండేది. ఆ కూతురికి ఒక కూతురు. ఉన్నచోట ఉండదు, నోరు మూయదు, అందుకని పిచ్చుక అని పిలిచేవారు. బడి లేని రోజుల్లో పిచ్చుక గూడు స్టూడియోనే. కోటు తొడుక్కుని నేల ఊడ్చేది. గుడ్డ మీద గీసిన మెట్లెక్కబోయి బొక్కబోర్లా పడేది. వచ్చినవాళ్ళను "మీకు పన్ను ఎందుకు ఊడిపోయింది?" అని నిలేసేది. పిచ్చుక కాళ్ళూపుతూ ఎత్తుపీట మీద కూర్చుంటే లైటక్కకు తన చిన్నతనం కళ్ళముందుకు వచ్చేది. ఒకప్పుడు నాన్న చేసినట్టే, పిల్ల ముఖం మీద దీపాలు సర్ది తమ్ముడికి సిద్ధంగా పెట్టేది. పిల్ల మూడో తరం లైటుపాప అయిందని ఆవిడకు ఎంత సంబరమో చెప్పలేను.

ఒకరోజు పిచ్చుక బడి నుంచి తరగతి ఫోటో తెచ్చింది. అందరూ చూస్తున్నారు, ఇది ఒక్కత్తే కళ్ళు మూసుకుంది.

"నేను అమ్మమ్మ పోలిక. మాకు ఫోటో పడదు" అని ప్రకటించింది పిచ్చుక.

ఇల్లంతా నవ్వింది. నిజం చెప్పాలంటే లైటక్కకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది. పోలిక అంటే ఎవరికి చేదు? దానికి ఇష్టమని జేబునిండా బిస్కెట్లు పోసి పంపింది.

తరవాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం పొద్దున కూతురు పిచ్చుకను రెక్క పట్టుకుని స్టూడియోకు వచ్చింది. వస్తూనే ఇంతెత్తున లేచింది.

"అమ్మా, నీ మనవరాలు చేసిన ఘనకార్యం విన్నావా? బడిలో నాటకం వేస్తున్నారు. దీని గొంతు విని టీచరు దీనికే రాణి వేషం ఇచ్చింది. ఇదేమందో తెలుసా? వేషం వద్దు, తెర లాగే పని ఇవ్వమందట!"

"తెర లాగడం కూడా పనే కదమ్మా" అంది పిచ్చుక నేల చూపులు చూస్తూ. ఆ గొంతు పిచ్చుక గొంతులా లేదు.

"ఎందుకే, రాణి వేషం బాగుంటుంది కదా?" అన్నాడు తాతయ్య, అంటే లైటక్క తమ్ముడు.

"ఫోటోలు తీస్తారు తాతయ్యా. నాకు పడదుగా. ఫోటో పడనివాళ్ళు వెనకే ఉండాలి. అమ్మమ్మ ఉంటుందిగా."

కూతురు తల్లి వైపు తిరిగింది. ఈసారి గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

"అమ్మా, నా పెళ్ళి ఫోటోల్లో నువ్వు లేవు. ఇది పుట్టినప్పటి ఫోటోల్లో నువ్వు లేవు. ఎవరు అడిగినా, మా అమ్మ అంతేనండీ అని చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు తెర వెనక ఉంటే నీ ఇష్టం అనుకున్నాను. దీన్ని కూడా లాక్కెళ్ళకే."

అన్నేళ్ళూ లైటక్క తన ముఖం సంగతి తన సొంత గొడవ అనుకుంది. ఎవరికీ అడ్డం రాలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు, మంచిదాన్నే అనుకుంది. అది మనవరాలి దాకా పాకుతుందని కలలో కూడా అనుకోలేదు. ఈ పిల్ల కూడా చివరి బల్లకు పోతుందా? తెలిసిన జవాబు మింగేసి కూర్చుంటుందా? పెళ్ళినాడు పాపిట చూపిస్తుందా?

"తమ్ముడూ, దీన్ని ఇప్పుడే ఫోటో తియ్యి. ఎందుకు పడదో చూద్దాం" అంది.

పిచ్చుకను పీట ఎక్కించారు. తమ్ముడు దీపాలు వేశాడు, కెమెరా సరిచూశాడు, చెయ్యెత్తి చిటిక వేసి నొక్కాడు. పిల్ల కళ్ళు మూసుకుంది. "చూడవే ఇటు, పిట్ట వస్తుంది" అని మళ్ళీ చిటిక వేశాడు. మళ్ళీ మూసుకుంది. "అచ్చు నువ్వేనక్కా! నాన్న ఉంటే నెత్తి బాదుకునేవాడు" అని నవ్వాడు. పిచ్చుక నవ్వలేదు.

"వెలుగు మరీ సూటిగా ఉందేమోరా. ఉండు, నేను సర్దుతాను" అని లైటక్క దీపాలు ఆర్పేసి, పెద్దదీపాన్ని పక్కకు జరిపింది. దీపం మీట మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో అలవాటుగా చిటిక వేసింది.

అప్పటిదాకా గుడ్డమీది పూలకుండీ వంక దిగులుగా చూస్తున్న పిచ్చుక చటుక్కున కళ్ళు మూసుకుంది. ఎవరూ ఎత్తకుండానే గడ్డం కాస్త పైకెత్తింది. ముఖంలో దిగులు పోయింది. బుగ్గల మీదికి వచ్చే వెచ్చదనం కోసం నెమ్మదిగా ఎదురుచూస్తూ కూర్చుంది.

లైటక్క దీపం వేయలేదు. ఆ ముఖం ఆవిడకు తెలుసు. లోపలినుంచి తెలుసు.

"దీపం వేయలేదేంటి అమ్మమ్మా?" అంది పిచ్చుక ఒక కన్ను తెరిచి.

"కళ్ళెందుకు మూసుకున్నావే?"

"నువ్వే కదా మూసుకోమన్నావు!"

"నేనెప్పుడన్నాను? నోరు కూడా తెరవలేదు."

"చిటిక వేశావుగా!" అంది పిచ్చుక, ఇంత పెద్దదానివి అది కూడా తెలియదా అన్నట్టు.

లైటక్క చిటిక వేసిన తన వేళ్ళ వంక చూసుకుంది. దీపాలు సర్దేటప్పుడు నాన్న చిటిక వేసేవాడు, తను కళ్ళు మూసుకునేది. ఫోటో తీసేటప్పుడు వచ్చినవాళ్ళు తన వైపు చూడాలని కూడా నాన్న చిటికే వేసేవాడు. వాళ్ళు చూసేవాళ్ళు. తమ్ముడికీ ఆ అలవాటే వచ్చింది. ఈ ఊళ్ళోనే ఏమిటి, పిల్లలను ఫోటో తీసే ప్రతివాడూ చిటిక వేస్తాడు. అన్నిటికీ అదే చిటిక.

"తమ్ముడూ, ఈసారి చిటిక వేయకు" అంది.

"వేయకపోతే అది ఎటో చూస్తుంది కదక్కా."

"ఎటు చూస్తే అటు చూడనీ. దీపం వేసి నువ్వు తియ్యి."

తీశాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ పిల్లను వెంటబెట్టుకుని వెనకగదిలోకి పరిగెత్తారు. కడిగి, ఆరబెట్టి, కాగితం మీదికి దించి ట్రేలో ముంచితే, ఎర్రవెలుగులో ముందు జడలు తేలాయి, తరవాత ఊడిన పంటి సందు, ఆ తరవాత కళ్ళు. రెండూ తెరుచుకుని, ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టు ఉన్నాయి.

"పడింది!" అని పిచ్చుక ఎగిరి గంతేసింది. అంతలోనే ఆగి అమ్మమ్మ ముఖం వంక చూసింది. "మరి నువ్వు?"

"నాకెందుకే ఇప్పుడు? ముసలిదాన్ని. నాకు పడదు."

అలవాటు కొద్దీ అనేసింది. అన్నాక పిల్ల ముఖం చూసింది. వెలిగించిన దీపం ఎవరో ఆర్పేసినట్టు అయిపోయింది.

"నేను నీ పోలిక కదా. నీకు పడకపోతే నాకు పడింది ఉత్తిదేనేమో" అంది పిచ్చుక.

లైటక్క చేతులు తుడుచుకుంది. నల్లతెర తొలగించుకుని వెళ్ళి ఎత్తుపీట ఎక్కింది. చిన్నప్పుడు ఎక్కడానికి నాన్న చెయ్యి కావాల్సి వచ్చేది. ఇప్పుడు కూతురు చెయ్యి కావాల్సి వచ్చింది. ఆ పీట మీద అంతకాలం కూర్చున్న మనిషి, కెమెరాలో ఫిలిం ఉండగా కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

తమ్ముడు పాపం చిటిక వేయకూడదని ఎంత అనుకున్నా చెయ్యి ఊరుకోలేదు. వేసేశాడు. అక్క కళ్ళు మూసేసుకుంది.

"తాతయ్యా! చేతులు జేబులో పెట్టుకో!" అని గద్దించింది పిచ్చుక.

"చేతులు జేబులో పెట్టుకుని ఎలా తీయనే తల్లీ?"

"నేను నొక్కుతాను."

తాతయ్య చేతులు జేబులో పెట్టుకున్నాడు. పిచ్చుక బల్ల మీదికెక్కి కెమెరా పక్కన నిలబడింది. చప్పుడు లేదు. దీపాల వేడి మాత్రం ఉంది. లైటక్కకు ఎడమబుగ్గ మీద వెచ్చగా తగులుతోంది. రెప్పలు వాలిపోవాలని చూస్తున్నాయి. మూసుకుంటే ఎంత హాయి! ఆ హాయి ఆవిడకు తెలుసు.

"అమ్మమ్మా" అంది పిచ్చుక మెల్లగా. ఆవిడ చూసింది. పిల్ల నొక్కింది.

ట్రేలో తన ముఖం తేలుతుంటే లైటక్క అలవాటుగా కుంచె చేతిలోకి తీసుకుంది. చూసి చూసి కుంచె పక్కన పెట్టేసింది. వేయడానికేమీ లేదు. కళ్ళు మామూలుగా ఉన్నాయి. పెద్దవేమీ కావు. అంచుల్లో ముడతలున్నాయి. కాస్త తడిగా ఉన్నాయి. ఇంతేనా, ఈ కళ్ళకా ఇంత బతుకు దాచుకున్నాను అని ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ నవ్వు విని కట్టుకున్నాయన లేకపోయాడే అనిపించింది.

"అమ్మా, టీచరుకు చెప్పు, తెర ఎవరినైనా లాగమను. నేను రాణిని" అంది పిచ్చుక, ఇక ఆ విషయం అయిపోయినట్టు.

అందరూ ముందుగదిలోకి వచ్చాక లైటక్క గోడమీది పాతఫోటో దించమంది. ఫ్రేము విప్పించింది. దూది నీళ్ళలో ముంచి పిండింది. తమ్ముడికి అర్థమై చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నాన్న చేత్తో వేసినవి..."

"తెలుసురా. నాన్నే మూయించాడు, నాన్నే తెరిపించాలని చూశాడు. పాపం, ఆయనకు తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా?" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. కాస్త దిగులు ఉంది, అంతకంటే ఎక్కువ బెంగ ఉంది, ఆ వేలి సబ్బువాసన మీద.

దూదితో అద్దింది. పాతరంగు మెత్తబడి మెల్లగా ఊడివచ్చింది. ఆ వెర్రికళ్ళు పోయాయి. కింద పసిపిల్ల ముఖం బయటపడింది. రెప్పలు మూసి ఉన్నాయి. గడ్డం కాస్త పైకెత్తి ఉంది. భయం లేదు, సిగ్గు లేదు. ఆ ముఖం పక్కనే, మోకాలి మీద నాన్న చెయ్యి, అప్పుడే చిటిక వేసిన వేళ్ళతో. ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయా అని ఎన్నో ఏళ్ళు అన్నం దగ్గర తగువులాడుకున్న చెయ్యి అది. తమ్ముడు దాన్నీ, పిల్ల ముఖాన్నీ మార్చి మార్చి చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

పిచ్చుక మధ్యలో దూరి ఫోటో మీదికి వంగింది.

"ఇది నువ్వా? ఫోటో తీస్తుంటే నిద్రపోయావా అమ్మమ్మా?"

"నిద్ర కాదే" అంది లైటక్క. "మా నాన్న మాట వింటున్నాను."